మహమ్మారి రోజుల్లో టీకా వేసే డాక్టరు కేసులో ఇరుక్కోకుండా ఉండాలంటే

టీకా వేయించుకున్న మనిషికి ఏమైనా అయిందంటే డాక్టరు జైలుకేనని అమలాపురంలో టీ కొట్టు దగ్గరే తీర్పు ఇచ్చేస్తారు. చట్టం అంత తేలిగ్గా ఆ మాట అనదు. టీకా వల్ల వేలల్లో, లక్షల్లో ఒకరికి వచ్చే ప్రమాదం డాక్టరు నేరం కిందికి రాదు. అలాంటిది రావచ్చని తెలిసీ చేతిలో మందు లేకుండా కూర్చోవడం నేరమయ్యే వీలుంది. అన్నీ సిద్ధంగా పెట్టుకుని, సరిగ్గానే చేసి, ఆ సంగతి కాగితం మీద పెట్టనివాళ్లూ దెబ్బతింటారు. కోర్టుకు వెళ్లిన రోజున డాక్టరు తరఫున మాట్లాడేది రిజిస్టరే.

ముందు మీరు ఏ గొడుగు కింద ఉన్నారో చూసుకోండి

1897 నాటి అంటువ్యాధుల చట్టం సెక్షన్ 4 ప్రకారం, ఆ చట్టం కింద సదుద్దేశంతో చేసిన పనికి ఎవరి మీదా దావా గానీ మరే చట్టపరమైన చర్య గానీ నిలవదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 73 కూడా ప్రభుత్వం తరఫున పనిచేసేవాళ్లకు ఇలాంటి రక్షణే ఇస్తుంది. వీటిని చూసి ధీమా పడేముందు "ఆ చట్టం కింద", "ప్రభుత్వం తరఫున" అన్న మాటల దగ్గర ఆగాలి. పీహెచ్‌సీ డాక్టరు ప్రభుత్వ కార్యక్రమంలో టీకా వేస్తే ఈ గొడుగు కిందే ఉంటాడు. భీమవరంలో ప్రైవేటు ఆసుపత్రి తన పరపతి కోసం అపార్ట్‌మెంట్లో క్యాంపు పెడితే ఉంటుందా అన్నది వాదించి తేల్చుకోవలసిన విషయం. అందుకని క్యాంపుకు ముందే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అందులో తేదీ, స్థలం, టీకా పేరు, బాధ్యుడైన డాక్టరు పేరు నాలుగూ ఉండాలి. ఫోన్లో "కానివ్వండి డాక్టరుగారూ" అన్న మాట అనుమతి కాదు.

ఇక వినియోగదారుల చట్టం. 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు గీసిన గీతే ఈనాటికీ గీత. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ప్రభుత్వ ఆసుపత్రి ఆ చట్టం కిందికి రాదు. డబ్బు తీసుకునే ఆసుపత్రి వస్తుంది. చాలామంది మరిచిపోయే భాగం ఇంకోటుంది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రి అయితే, ఆ ఉచితంగా చేయించుకున్నవాళ్లు కూడా వినియోగదారులే. కాబట్టి "పుణ్యానికి వేశానండీ" అన్న వాదన ప్రైవేటు ఆసుపత్రి క్యాంపులో చెల్లదు. కోవిడ్ రోజుల్లో ప్రైవేటు ఆసుపత్రులు డోసుకు 150 రూపాయలకు మించి సేవారుసుము తీసుకోకూడదన్నారు. ఆ 150తోనే మీరు సేవ అమ్మినవాళ్లయ్యారు. పైగా 2019 వినియోగదారుల చట్టంలో ఏ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలో తేల్చేది అడిగిన పరిహారం కాదు, చెల్లించిన సొమ్ము. అందుకే 150 రూపాయల సూదికి కోటి రూపాయలు అడిగినా ఆ కేసు జిల్లా కమిషన్‌లోనే మొదలవుతుంది. ఫిర్యాదుదారు తాను ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. మీరు రాజోలులో క్లినిక్ పెట్టుకుని హైదరాబాదు కమిషన్‌కు తిరగాల్సి రావచ్చు.

యానాం దగ్గర పనిచేసేవాళ్లకు ఒక మాట. చుట్టూ ఆంధ్రానే ఉన్నా అది పుదుచ్చేరి నేల. గట్టు దాటి క్యాంపు పెడితే అనుమతి ఇచ్చే అధికారి, రిపోర్టు పంపే చోటు, పోలీసు స్టేషను అన్నీ మారిపోతాయి. ఆసుపత్రుల మీద దాడులకు 3 ఏళ్ల వరకు జైలు పెట్టిన 2008 ఆంధ్రప్రదేశ్ చట్టం కూడా అక్కడ పనిచేయదు. కేంద్రం 2020లో అంటువ్యాధుల చట్టానికి చేసిన సవరణ మాత్రం రెండు చోట్లా ఉంటుంది. దాని కింద వైద్య సిబ్బంది మీద చేయి చేసుకుంటే 3 నెలల నుంచి 5 ఏళ్లు, తీవ్రంగా గాయపరిస్తే 6 నెలల నుంచి 7 ఏళ్లు.

క్రిమినల్ కేసు ఎప్పుడు నిలుస్తుంది

2024 జులై 1 నుంచి పాత ఐపీసీ 304ఎ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 106(1) వచ్చింది. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే మామూలు మనిషికి 5 ఏళ్ల వరకు శిక్ష. వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కు మాత్రం 2 ఏళ్ల వరకే. బెయిలు దొరికే నేరమే. ఇక్కడ మన ప్రాంతపు తిరకాసు ఒకటుంది. ఊళ్లో అందరూ ఆర్‌ఎంపీ అని పిలిచే మనిషి ఈ సెక్షను చెప్పే రిజిస్టర్డ్ ప్రాక్టీషనర్ కాడు. మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుండాలి. క్యాంపులో రద్దీ ఎక్కువై ఊరి ఆర్‌ఎంపీ చేతికి సిరంజి ఇస్తే అతనికి 2 ఏళ్ల మినహాయింపు లేదు, ఇచ్చిన మీకూ చెప్పుకోవడానికి సాకు మిగలదు. సూది వేసే చేతులు డాక్టరు, స్టాఫ్ నర్సు, ఏఎన్‌ఎం, లేదా ఆ కార్యక్రమం మార్గదర్శకాలు పేరుపెట్టి అనుమతించినవాళ్లవే అయ్యుండాలి.

2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన జేకబ్ మాథ్యూ తీర్పు డాక్టర్లకు పెద్ద అండ. సాధారణ పొరపాటు, అంచనా తప్పడం నేరం కాదు. నేరం కావాలంటే ఆ నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలి. ముందుకెళ్లేముందు దర్యాప్తు అధికారి అదే శాఖలో నైపుణ్యమున్న, వీలైతే ప్రభుత్వ డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. ఆరోపణ వచ్చిందని చెప్పి మామూలుగా అరెస్టు చేయకూడదు. స్టేషను నుంచి పిలుపు వస్తే ఈ తీర్పు నకలు ఒకటి వకీలు చేత ఇప్పించండి. గొడవ పెట్టుకోవద్దు, పారిపోవద్దు, ఫోను ఆపేయొద్దు.

సదుద్దేశం అంటే మంచి మనసని కాదు. న్యాయ సంహిత దృష్టిలో తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినది సదుద్దేశంతో చేసినట్టు లెక్కకు రాదు. కింద చెప్పే ప్రతి పనీ ఆ జాగ్రత్త తీసుకున్నామని చూపించడానికే.

సమ్మతి: సంతకం కన్నా ముందు మాట

2022 మే 2న జేకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది. పింఛను ఆగిపోతుందని బెదిరించి తెచ్చిన ముసలాయన చేత వేయించిన వేలిముద్ర సమ్మతి కాదు. వద్దంటే "వద్దన్నారు" అని రాసి సంతకం తీసుకుని పంపేయండి. సంతకం కూడా పెట్టనంటే ఆ మాటే రాసి, పక్కనున్న సిబ్బంది చేత సాక్షి సంతకం పెట్టించండి.

ఫారం తెలుగులో, ఒకే పేజీలో ఉండాలి. టీకా పేరు, ఎందుకు, ఎన్ని డోసులు, మామూలుగా వచ్చే ఇబ్బందులు, అరుదుగా వచ్చే పెద్ద ప్రమాదం, వేయించుకోకపోతే ఏమిటి, అత్యవసర వినియోగ అనుమతి మీద ఉన్న టీకా అయితే ఆ సంగతి. చివరిది దాచొద్దు. 2021 జనవరి 3న రెండు కోవిడ్ టీకాలకు అనుమతి వచ్చినప్పుడు అది పరిమిత అత్యవసర వినియోగానికే. కోవాగ్జిన్‌కు మార్చి వరకు క్లినికల్ ట్రయల్ పద్ధతిలో వేరే సమ్మతి పత్రం ఉండేది. మామూలు ఫారంతో సరిపెట్టుకుంటే ఇలాంటి చోటే దొరికిపోతారు.

ఫారం ఇచ్చేసి ఊరుకోకుండా నోటితో అడగాలి. ప్రశ్నలు ఇలా ఉంటే అందరికీ అర్థమవుతాయి: "ఇంతకు ముందు ఏదైనా సూది వేయించుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడకపోవడం జరిగిందాండీ?" "ఈ వారంలో జ్వరం వచ్చిందా మామ్మగారూ?" "రక్తం పల్చబడే మాత్రలేమైనా వాడుతున్నారా?" "కడుపుతో ఉన్నావా అమ్మా, పాలిస్తున్నావా?" "మొదటి డోసు ఏ టీకా, ఏ తారీఖున?" జవాబులకు అవును, కాదు గళ్లు పెట్టి నింపండి. 18 ఏళ్లలోపు పిల్లలకు తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. స్కూలు హెడ్మాస్టరు సంతకం చాలదు. తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉండి పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లు కోనసీమలో చాలా ఉన్నాయి. అలాంటప్పుడు తల్లికి వీడియో కాల్ చేసి, ఆమె చేత సమ్మతి సందేశం పంపించుకుని, దాన్ని ఫారంకు అచ్చుతీసి జతచేయడం కనీస జాగ్రత్త.

30 నిమిషాలు, ఒక డబ్బా

ఎక్కువ కేసులు ఓడేది ఇక్కడే. టీకా తర్వాత 30 నిమిషాలు కూర్చోబెట్టాలని అందరికీ తెలుసు. మధ్యాహ్నం ఒంటిగంటకు షామియానా కింద ఉక్కపోస్తుంటే ఎవరూ కూర్చోరు, సిబ్బందీ చూసీచూడనట్టు వదిలేస్తారు. అందుకని ఫ్యాను, నీళ్లు, కుర్చీలు పెట్టడం చట్టపరమైన జాగ్రత్తలో భాగమే అనుకోండి. ప్రతి మనిషి చీటీ మీద సూది వేసిన సమయం, వెళ్లిన సమయం రాయాలి. చెప్పినా వినకుండా వెళ్లిపోతే "చెప్పినా ఆగలేదు" అని రాసి సంతకం తీసుకోండి.

అనాఫిలాక్సిస్ (ఉన్నట్టుండి వచ్చే ప్రాణాంతక అలర్జీ) డబ్బాలో ఉండాల్సినవి:

- 1 మి.లీ.కి 1 మి.గ్రా. బలమున్న అడ్రినలిన్ ఆంపూళ్లు 3
- 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజిలు 3
- అంగుళం పొడవున్న 24 లేదా 25 గేజ్ సూదులు 3
- దూది, వయసుల వారీ మోతాదు పట్టిక, అడ్రినలిన్ ఇచ్చినట్టు రాసే చీటీలు
- మెడికల్ ఆఫీసరు, జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి, 108, దగ్గరి ఆసుపత్రి నంబర్లు

నెలకోసారి గడువు తేదీ చూసి డబ్బా మూత మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. రంగు మారిన ఆంపూల్ పారేయాలి. ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద డబ్బా వదిలితే ఆ మందును నమ్మకండి.

మోతాదు కిలో బరువుకు 0.01 మి.గ్రా., పెద్దవాళ్లకు 0.5 మి.గ్రా.కు మించకుండా, తొడ బయటివైపు కండలోకి. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాలకోసారి మళ్లీ. మన క్లినిక్కుల్లో పాత అలవాటు ఒకటి ప్రాణాల మీదికి తెస్తుంది: దద్దుర్లు కనపడగానే ఎవిల్ (అలర్జీ మందు), డెకడ్రాన్ (స్టెరాయిడ్) ఎక్కించి చూద్దామనడం. అవి తర్వాతి మందులు. అడ్రినలిన్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ రేపు నిపుణుల అభిప్రాయంలో ఒక వాక్యం ఉంటుంది. కళ్లు తిరిగి పడిపోవడానికీ అనాఫిలాక్సిస్‌కీ తేడా సిబ్బందికి ముందే నేర్పండి. సూది భయంతో పడిపోయినవాళ్ల నాడి నెమ్మదిస్తుంది, ఒళ్లు చల్లగా పాలిపోతుంది, కాళ్లు ఎత్తి పడుకోబెడితే తేరుకుంటారు. అనాఫిలాక్సిస్‌లో నాడి పరుగెడుతుంది. దద్దుర్లు, పెదాల వాపు, పిల్లికూతలు, వాంతులు కలిసొస్తాయి.

లంక గ్రామాల సంగతి వేరు. వరద రోజుల్లో 108 బండి రేవు దాకానే వస్తుంది. కాబట్టి లంకలో శిబిరమైతే డబ్బాలు రెండు, ఆక్సిజన్ సిలిండరు ఒకటి, సెషన్ ముగిసి చివరి మనిషి 30 నిమిషాలు పూర్తయ్యేదాకా రేవులోనే ఉండే పడవ ఒకటి పెట్టుకోండి. పడవ పేరు, నడిపే మనిషి ఫోను నంబరు సెషన్ ప్లానులో రాయండి. "ఆ పరిస్థితిలో తెలివైన డాక్టరు ఏం చేసేవాడు" అన్నది కోర్టు వేసే ప్రశ్న. లంకలో ఆ ప్రశ్నకు పడవ కూడా జవాబే.

ఇంటికి పంపేటప్పుడు ఒక చీటీ ఇవ్వండి. కోవిషీల్డ్ రోజుల్లో, 2021 మే 17న కేంద్రం ఇచ్చిన సూచన మంచి నమూనా: టీకా తర్వాత 20 రోజుల లోపు ఆయాసం, ఛాతీ నొప్పి, కాలు వాపు, సూది వేసిన చోటికి దూరంగా ఎర్రటి చుక్కలు, ఆగని తలనొప్పి, ఆగని కడుపునొప్పి ఉంటే వెంటనే రావాలని. కొత్త టీకా వచ్చినప్పుడల్లా దానికి తగ్గట్టు ఈ చీటీ మార్చుకోవాలి.

టీకా తప్పా, చేతి తప్పా, ఫ్రిజ్ తప్పా

టీకా తర్వాతి ఇబ్బందిని పరిశీలించే కమిటీ కారణాన్ని గుర్తులతో విడదీస్తుంది. ఎ1 అంటే టీకా స్వభావం వల్ల. ఎ2 తయారీ లోపం. ఎ3 వేయడంలో పొరపాటు. ఎ4 సూది ఆందోళన. బి తేల్చలేనిది, సి కాకతాళీయం, డి సమాచారం చాలనిది. ఇది కోర్టు తీర్పు కాదు గానీ అవతలి వకీలు మొదట అడిగే కాగితం ఇదే. ఎ2 అయితే 2019 చట్టం ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కింద తయారీదారు జవాబు చెప్పాలి. అయితే మీ దగ్గర కొనుగోలు బిల్లు, బ్యాచ్ నంబరు, వచ్చిన రోజు ఉష్ణోగ్రత లేకపోతే ఆ లోపం ఎక్కడ పుట్టిందో చెప్పలేరు. మీరూ టీకా అమ్మినవాళ్లే కాబట్టి భద్రపరచడంలో తేడా మీ మెడకే చుట్టుకుంటుంది.

ఐఎల్‌ఆర్‌లో (టీకాలు ఉంచే ఫ్రిజ్‌లో) 2 నుంచి 8 డిగ్రీలు, ఉదయం సాయంత్రం రెండుసార్లు రాత. రాసేది థర్మామీటరు చూసి రాయాలి. నెలంతా 4, 4, 4 అని ఒకే పెన్నుతో ఉన్న లాగ్‌బుక్కు లేనిదానికన్నా ప్రమాదం. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది, టీకాలు ఎక్కడికి మార్చారు అన్నది రాయండి. పడవలో తీసుకెళ్లే క్యారియర్‌లో ఐసుప్యాకులు ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టు పెట్టొద్దు. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చేదాకా బయట ఉంచాలి. లేకపోతే గడ్డకట్టకూడని టీకాలు గడ్డకట్టి పాడవుతాయి. ఐఎల్‌ఆర్‌లో టీకా, దాన్ని కలిపే ద్రావకం తప్ప ఇంకే మందూ ఉండకూడదు. ద్రావకం అనుకుని కండరాలను సడలించే మందో, ఇన్సులినో కలిపారంటే దానికి కోర్టులో సమాధానం లేదు. ద్రావకంతో కలిపిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా), బీసీజీ (క్షయ) టీకాలు 4 గంటలు దాటితే పారేయాలి. వయల్ (టీకా సీసా) మీద తెరిచిన సమయం రాయకపోతే 4 గంటలని మీరెలా నిరూపిస్తారు?

రిజిస్టరు

పేరు, వయసు, టీకా, బ్యాచ్, గడువు, వయల్ తెరిచిన సమయం, సూది సమయం, ఏ చేయి, ఎవరు వేశారు, వెళ్లిన సమయం. తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టేసి పక్కన సరైనది రాసి సంతకం, తేదీ పెట్టండి. వైట్‌నర్ వాడితే ఆ పేజీతో పాటు రిజిస్టరు మొత్తం మీద నమ్మకం పోతుంది. అందరికీ బీపీ 120/80 అని రాసే అలవాటు మానండి. సంఘటన తర్వాత ఏదైనా చేర్చాల్సి వస్తే "తర్వాత రాసినది" అని, ఏ సమయంలో రాశారో స్పష్టంగా పెట్టండి. రోగి రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 వైద్య నీతి నిబంధన. వినియోగదారుల కేసుకు గడువు 2 ఏళ్లు, అయితే మైనర్ల సివిల్ దావాలకు కాలపరిమితి మేజరయ్యాకే మొదలవుతుంది. పిల్లల టీకా రికార్డులు 3 ఏళ్లకే చెత్తబుట్టలో వేయొద్దు.

సంఘటన జరిగితే

మొదటి పని వైద్యం. రెండోది, ఖాళీ వయల్, మిగిలిన డోసులు, వాడిన సిరంజి, ద్రావకం పారేయకుండా విడిగా పెట్టి, టీకాను అదే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచడం. ఆ బ్యాచ్ వేయడం ఆపండి. తీవ్రమైన కేసయితే, అంటే మరణం, ఆసుపత్రిలో చేరడం, వైకల్యం, ఒకేచోట అనేకమందికి రావడం, వెంటనే ఫోనులో చెప్పి 24 గంటల్లో కేసు రిపోర్టింగ్ ఫారం జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చేరాలి. ప్రైవేటు డాక్టర్లు ఇది పంపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయపడతారు. తిరగబడేది ఆ భయమే. పంపనిదాన్నే దాచినట్టు చదువుతారు.

మరణమైతే పోస్టుమార్టం జరిగేలా చూడండి. బంధువులు వద్దంటారు, ఊరి పెద్దలు సర్దేద్దామంటారు. సర్దుకుని దహనం చేసిన మూడో వారానికి నోటీసు వస్తే అది గుండెపోటా, టీకాయా తేల్చే మార్గం ఉండదు. "పోస్టుమార్టం అవసరమని చెప్పాం, కుటుంబం ఒప్పుకోలేదు" అన్న రాత ఉండాలి. కుటుంబంతో ఒక్కరే మాట్లాడండి, సీనియర్ డాక్టరే. ఏం జరిగిందో, ఏం చేశామో చెప్పి బాధను పంచుకోండి. "మా వల్లే" అనీ అనకండి, "మీ అదృష్టం" అనీ అనకండి. వాట్సాప్‌లో ఏదీ రాయకండి, యూట్యూబు చానళ్ల మైకు ముందుకు వెళ్లకండి. సీసీ కెమెరా డీవీఆర్ కొన్ని రోజులకే పాత దృశ్యం మీద రాసేస్తుంది కాబట్టి అదే రోజు నకలు తీసి, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం సిద్ధం చేయించండి.

నోటీసు వచ్చాక

వకీలు నోటీసుకు సొంతంగా జవాబు రాయొద్దు. జిల్లా కమిషన్ నోటీసైతే జవాబు దాఖలుకు 30 రోజులు, కమిషన్ ఇస్తే ఇంకో 15. మొత్తం 45 దాటితే ఇక లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. సంక్రాంతికి ఊరెళ్లానన్నది కారణం కాదు. నోటీసు అందిన తేదీ కవరు మీదే రాసి పెట్టుకోండి.

ఇండెమ్నిటీ పాలసీ (వృత్తిలో జరిగే తప్పులకు పరిహారం భరించే బీమా) ఉంటే అదే రోజు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. వాళ్లను అడగకుండా రాజీ పడితే డబ్బు రాదు. పాలసీ కొనేటప్పుడే చూడాల్సినవి: ఒక్కో ఘటనకు ఎంత, ఏడాదికి ఎంత, నర్సులు చేసిన తప్పూ కలుస్తుందా, క్లినిక్ బయటి క్యాంపు కలుస్తుందా. ఇవి ఎక్కువగా దావా వచ్చిన ఏడాది లెక్కన నడిచే పాలసీలు. 2021లో వేసిన సూదికి 2023లో నోటీసు వస్తే 2023లో పాలసీ బతికుండాలి, దాని వెనక తేదీ (ఏ రోజు నుంచి చేసిన పనులకు పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ) 2021కి ముందుదై ఉండాలి. ఒక్క ఏడాది రెన్యువల్ మానేసి మళ్లీ కొంటే ఆ వెనక తేదీ ముందుకు జరిగిపోతుంది. ప్రాక్టీసు మానేసినా, క్లినిక్ అమ్మేసినా ఇంకో మూడేళ్లు ప్రీమియం కట్టడమో, పొడిగింపు కవరు తీసుకోవడమో చేయండి.